తొలి చెంబు

మా అపార్ట్‌మెంటు సంపు కడగడానికి పోయిన వారం ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. పద్మారావు నగర్‌లో ఎండాకాలం వస్తే ట్యాంకర్ల హారన్లు, సంపుల కంపు మామూలే. నా వయసులో వాటికి ముక్కు మూసుకోవడం కూడా మానేశాను. కానీ ఆ రోజు అడుగున పేరుకున్న నల్లటి ఒండ్రును బకెట్లతో తోడి మెట్ల పక్కన కుప్ప పోస్తుంటే, ఆ వాసన పై అంతస్తులో ఉన్న నా వంటింట్లోకి వచ్చింది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా అలాగే నిలబడిపోయాను. పనయ్యాక వాళ్ళలో ఒకడు తలుపు దగ్గరికొచ్చి, "అమ్మమ్మా, జెర మంచినీళ్ళిస్తరా?" అన్నాడు. గ్లాసు ఇస్తే కళ్ళు మూసుకుని గటగటా తాగాడు. దాహమేస్తే ఎవరైనా అలాగే తాగుతారు, వాడి తప్పేమీ లేదు. కళ్ళు మూసుకుని నీళ్ళు తాగే మనిషిని చూడలేనిది నేనే.

నా చిన్నతనంలో మేం రెజిమెంటల్ బజార్ వెనక సందులో ఉండేవాళ్ళం. మా నాన్నను మేం అబ్బా అనేవాళ్ళం. ఆయన బావుల మేస్త్రీ. కొత్త బావులు తవ్వేవాళ్ళు వేరే. పూడిపోయినవాటినీ, గోడలు కూలినవాటినీ, ఊట మూసుకుపోయినవాటినీ బాగుచేయడం అబ్బా పని. నీళ్ళకు కటకటలాడే మెట్ట ఊళ్ళవాళ్ళు సికిందరాబాద్ బజారుకు వచ్చినప్పుడు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవారు. ఇంటినిండా లావుపాటి మోకులు, గిలకలు, తట్టలు, బావిలో పడిన బిందెల్ని పైకి లాగే కొక్కేలు. వాటన్నిటి మీదా డంగు సున్నం వాసన. ఆ సున్నంలో కలపడానికి తెచ్చిన బెల్లం దిమ్మలు మా దాదీ, అంటే మా నాయనమ్మ, మంచం కింద ఉండేవి. అడుగు నుంచి గీకి తింటే పైకి కనబడదని నాకెవరూ నేర్పలేదు, నేనే కనిపెట్టాను. ఒకరోజు దిమ్మ డొల్లగా విరిగిపోయింది.

"బావి గోడ కూలితె మీ అబ్బా నిలబెడ్తడు. ఈ బెల్లం గోడ ఎవలు నిలబెట్టాలె?" అంది దాదీ నా చెవి మెలిపెట్టి. అమ్మ నాకు ఊహ తెలిసేసరికే లేదు. నన్ను పెంచిందీ, తిట్టిందీ అంతా దాదీయే.

బావులు బాగుచేసేవాళ్ళలో ఒక ఆనవాయితీ ఉండేది. పూడిక తీసి, ఊట తేరుకున్నాక పైకి తోడిన తొలి చెంబు నీళ్ళు అడుగుదాకా దిగిన మనిషే తాగాలి. లోపల ఏముందో చూసింది అతనొక్కడే కదా. అతను ఊరందరి ముందూ తాగితే ఇక ఎవరికీ శంక ఉండదు. దీనికోసం అబ్బా తన ఇత్తడి చెంబు వెంట తీసుకెళ్ళేవాడు. చెంబు అంచు మీదుగా జనం మొహాలు చూస్తూ, వాళ్ళను కాసేపు ఊరించి, చివరికి మీసం తుడుచుకుని "షర్బత్!" అనేవాడు. ఊరు ఊరంతా నవ్వేది. మా సందులో పిల్లలకు ఆ ఆట నేనే నేర్పాను.

పోలీసు యాక్షన్ అయిపోయాక వచ్చిన మొదటి ఎండాకాలం అది. అంతకుముందు రజాకార్ల రోజుల్లో పల్లెలు పడ్డ బాధలు విన్నాం. ఆ తర్వాత కొన్నిచోట్ల మావాళ్ళు పడ్డ బాధలు విన్నాం. మా సందులో మగవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునేవారు. అబ్బా టోపీని మేకుకు తగిలించి, తలకు తువ్వాలు చుట్టుకుని బయటికి పోవడం మొదలుపెట్టాడు. నెలల తరబడి ఏ ఊరివాళ్ళూ పనికి పిలవలేదు. అలాంటప్పుడు ఒక పటేలు ఉన్ని అమ్ముకోవడానికి బజారుకు వచ్చి, మా గడప ముందు నిలబడ్డాడు.

"మా ఊరి చేదబావి పూడ్సిన్రు సాయెబూ. బండలు, ముండ్లకంప, సచ్చిన ఎద్దు, అన్నీ అండ్లనే ఏసిన్రు."

"ఎవలు?" అన్నాడు అబ్బా.

"గదే తెల్వది. అడిగితె ఒక్కొక్కలు ఒక్కొక్కల పేరు చెప్తరు."

అబ్బా మళ్ళీ అడిగాడు. "ఇంకేమన్న ఉన్నదా అండ్ల?"

పటేలు తల దించుకున్నాడు. "గొడ్డయితె శుద్ధి చేస్కొని తాగుతం. మనిషి గిట్ల ఉంటె మాత్రం మల్ల పూడ్సుడే. పెద్దమనుషులు గట్లనే తీర్మానం చేసిన్రు. గా బావి పోతె ఇగ ఊరు లేనట్టే. మిగిలినయన్నీ ఉప్పునీళ్ళు, జీవాలు సుత మూతి పెట్టయి."

అతను పోయాక దాదీ తలుపు మూసి, గొళ్ళెం పెట్టి మరీ అరిచింది. "పరేషాన్ చెయ్యకు నన్ను! ఇసొంటి దినాలల్ల పల్లెకు పోతవా?" అబ్బా మోకులు చుట్టలు చుట్టడం మొదలుపెట్టాడు. "నీళ్ళ పని అమ్మా. నీళ్ళు లేవంటె ఎట్ల పోకుంట ఉండాలె?" అన్నాడు. దాదీ ఏడ్చింది, తిట్టింది, ఆఖరుకు ఒక ఉపాయం చెప్పింది. "పిల్లను వెంట తీస్కపో. ఆడపిల్లను ఎంటేసుకొని వచ్చినోని మీద ఎవడు చెయ్యి లేపడు." అలా నన్ను కూడా మోకులతో, సున్నం బస్తాలతో పాటు రైలెక్కించారు. నాకు మాత్రం జాతరకు పోతున్నంత సంబరం.

చిన్న స్టేషన్లో దిగి ఎద్దుబండి మీద పోయాం. దారిపొడవునా ఎండిపోయిన చెరువులు, ఇప్పపూల తియ్యటి మత్తువాసన, ఎక్కడో దూరం నుంచి కుండలు మోసుకొస్తున్న ఆడవాళ్ళు. ఊళ్ళో మొదట ఇచ్చిన నీళ్ళు నోట్లో పోసుకోగానే ఉమ్మేశాను. అంత ఉప్పు. నా వయసు పిల్లలు అవే నీళ్ళతో కలిపిన అంబలి తాగుతూ, పట్నం పిల్ల ఎంత సుకుమారమో అని నన్ను చూసి నవ్వారు. సాయంత్రానికి వాళ్ళతో తునికి పండ్లకు పోయి, రెండు చెంపలకూ జిగురు పూసుకుని తిరిగొచ్చాను.

బావి దగ్గర అబ్బా కోసం ఒకావిడ కూర్చుని ఉంది. గొర్రెలు కాసుకునే మనిషి, మోకాళ్ళ దాకా చీర ఎగ్గట్టి, భుజాన గొంగడి. ఊళ్ళో అందరూ ఆమెను అవ్వ అనేవారు, నేనూ అలాగే పిలిచాను. ఆమెకు ఒక్కడే కొడుకు. గడబిడ రోజుల్లో గొర్రెల్ని తోలుకుని పోయినవాడు తిరిగి రాలేదు. గొర్రెలు మాత్రం వాటంతటవే ఇంటికొచ్చాయట.

"సాయెబూ, నా కొడుకు కుడిచేతికి రాగి కడియం ఉంటది," అంది అబ్బాతో. "పిల్లలు గాకపోతె పీర్ల కాడ మొక్కుకున్న. వాడు పుట్టినంక తొడిగిన. పెద్దోడయినా కొద్ది సాగదీసి మల్ల మల్ల తొడిగిన. నీకు గిట్ల కనవడితె నాకే చెప్పు."

"కనవడదు అవ్వా. ఏడనో పానంతోని ఉన్నడు, వస్తడు," అన్నాడు అబ్బా. అలా అనకుండా ఉండాల్సిందని తర్వాత ఎప్పుడో నాతో అన్నాడు.

పని షురూ అయింది. మా సందువాళ్ళు ఇద్దరు అబ్బాతో వచ్చారు. పొద్దున్నే వెలిగించిన కందీలును తాడుకు కట్టి బావిలోకి దించేవారు. అది ఆరకుండా ఉంటేనే మనిషి దిగాలి, ఆరితే లోపల చెడ్డగాలి ఉన్నట్టు. ముందు కంపలు వచ్చాయి, తర్వాత బండలు, ఆ తర్వాత ఎద్దు ఎముకలు. వాటి వెనక ఊరి సామానంతా ఒక్కొక్కటే వచ్చింది. ఎవరిదో బండిచక్రం, సొట్టపోయిన బిందె, పసిపిల్ల కాలి గజ్జె. తట్ట పైకి రాగానే ఆడవాళ్ళు ముసురుకుని, ఇది మాది, అది మీది అని గుర్తుపట్టేవారు. ఊరు విడిచి పోయిన మనిషి తిరిగొచ్చినట్టు ఆ సొట్ట బిందెను ఒళ్ళో పెట్టుకుని ఒకామె ఏడ్చింది. నాకు అదంతా చూడముచ్చటగానూ ఉండేది, ఎందుకో ఒళ్ళు జలదరించేది కూడా. పూడికమట్టిని మాత్రం బండ్లకెత్తుకుని పొలాలకు తోలుకుపోయేవారు. ఆ మట్టంత బలం ఇంకే ఎరువుకూ లేదని, ఎద్దు ఎముకలున్న మట్టి కోసమైతే ఇద్దరన్నదమ్ములు జుట్లు పట్టుకున్నారు.

బావి గట్టు మీద కొందరు కుర్రాళ్ళు పొద్దంతా కూర్చునేవారు. పని చూస్తున్నామనేవారు గానీ, భుజాల మీద గొడ్డళ్ళుండేవి. ఒకడు నాకు వినబడేలాగే అన్నాడు. "అండ్ల మనోడు ఎవడన్న దొరకాలె, ముందుగాల్ల గీ సాయెబునే అడుగుదం." నాకు సగమే అర్థమైంది. అబ్బాకు చెబితే, "నువ్వు నా కండ్ల ముంగటనే కూసో బేటీ," అని బావి పక్కన బండ మీద నన్ను కూర్చోబెట్టాడు.

అవ్వ రోజూ సాయంత్రం వచ్చేది. మేకపాలు తెచ్చి నాకిచ్చేది. జొన్నరొట్టెలో ఎర్రకారం, ఉల్లిగడ్డ పెట్టి తినిపించేది. అబ్బా పైకి రాగానే ఒకటే మాట. "ఏమన్న దొరికెనా సాయెబూ?" "ఏం దొరకలె అవ్వా." ఆ మాట వినగానే ఆమె మొహం తేటపడేది. మళ్ళీ మర్నాటికి భయం కమ్ముకునేది.

ఒకరోజు మధ్యాహ్నం లోపలి నుంచి అబ్బా కేకేశాడు. కందీలు ఆరిపోయిందని, చెడ్డగాలి ఉందని, గోడ మధ్యలో నిలబడి తట్టలు అందిస్తున్న మనుషులిద్దరినీ పైకి పొమ్మన్నాడు. తను మాత్రం వెంటనే రాలేదు. వాళ్ళు పైనుంచి మోకు పట్టుకుని పిలుస్తుంటే, "వస్తున్న, వస్తున్న" అంటూ తట్టలు నింపి పంపాడు. ఆఖరి తట్టతో కందీలు కూడా పైకి వచ్చింది. మోకు లాగేవాళ్ళ కళ్ళు బావిలోనే ఉన్నాయి గానీ, బండ మీద కూర్చున్న నేను చూశాను, అది వెలుగుతూనే ఉంది. తర్వాత అబ్బా పైకొచ్చాడు, మొహం సున్నం కొట్టినట్టు ఉంది. ఎవరూ గమనించేలోపు కందీలు ఊదేశాడు. ఆ కడపటి తట్టల మట్టిని విడిగా, ఏటవాలు గట్టు కింద గుంతలో పోయించి, దానిమీద సున్నం బస్తా తనే కుమ్మరించాడు. "తడిసి పాడైన సున్నం. గీ కుప్ప ఎవలు ముట్టకుండ్రి, పొలానికేస్తె పంట మాడుతది," అన్నాడు ఊరివాళ్ళతో. వాళ్ళు సరేనన్నారు.

గోడ సందుల్లో సున్నం మెత్తడం, ఊట తేరుకోవడం అన్నీ అయ్యాయి. తొలి చెంబు రోజు ఊరు ఊరంతా వచ్చింది. డప్పులు కొట్టేవాళ్ళు చితుకుల మంటలో డప్పు కాచుకుంటున్నారు. గిలక కిర్రుమంది. అబ్బా తన ఇత్తడి చెంబు నింపుకుని గట్టు మీద నిలబడ్డాడు. చెంబు ఎత్తలేదు. గొడ్డళ్ళ కుర్రాళ్ళు లేచి నిలబడ్డారు. అప్పుడు అవ్వ జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"సాయెబూ, నా కొడుకు అండ్ల లేడు గదా?"

"లేడవ్వా."

"లేకుంటె తాగు. అందరు సూడంగ తాగు."

అబ్బా చెంబెత్తాడు. కళ్ళు గట్టిగా మూసుకుని తాగాడు. సగం గడ్డం మీదుగా కారిపోయింది. షర్బత్ అనలేదు. డప్పులు మోగాయి, ఆడవాళ్ళు బిందెలతో ఎగబడ్డారు, కుర్రాళ్ళు గొడ్డళ్ళు పక్కన పడేసి నీళ్ళు చల్లుకోవడం మొదలుపెట్టారు. అవ్వ రెండో చెంబు తాగి నా దగ్గరికొచ్చింది. తడి చేత్తో నా మూతి తుడిచింది. "ఎండ తగ్గేదాక ఆగకుండ్రి. ఇప్పుడే బండి కట్టిస్త, పొండ్రి," అని తనే తొందరపెట్టి మమ్మల్ని పంపేసింది. భోజనం చేసి పొమ్మని పటేలు అంటున్నా వినలేదు.

రైల్లో అబ్బా చెంబులోంచి ఏదో తీసి, చొక్కా అంచుతో తుడిచాడు. పచ్చగా చిలుము పట్టిన రాగి కడియం. నేను చూడటం చూశాడు. "ఇది నువ్వు సూడలె, నేను సూడలె," అన్నాడు. ఆ తర్వాత దాన్ని మళ్ళీ చెంబులోనే వేసి, ఇంటికి రాగానే ఆ చెంబును ట్రంకుపెట్టె అడుగున పెట్టేశాడు. మళ్ళీ ఏ బావి దగ్గరా ఆయన తొలి చెంబు తాగలేదు. అడుగుకు మరొకరిని దించి, తను పైనే నిలబడేవాడు. ఇంట్లో మంచినీళ్ళు తాగేటప్పుడు కూడా గుడ్లు అప్పగించి గ్లాసులోకి చూసేవాడు. మాకు భయమేసేది.

ఆ ఇంట్లో మాతోపాటు ఇంకొకడు ఉన్నాడని నాకు అనిపించేది. ట్రంకుపెట్టె పక్కన పడుకోనని మొండికేసేదాన్ని. దాదీ జ్వరమనుకుని తాయత్తు కట్టించింది. ఒకసారి ధైర్యం చేసి, ఎందుకబ్బా ఆ అవ్వకు చెప్పలేదని అడిగాను. "ఊరికి నీళ్ళు గావాలె గదా," అని కసిరాడు. చాలా ఏళ్ళకు, మంచం పట్టాక, నేను అడగకుండానే చెప్పాడు. "నాకు భయమైంది బేటీ. నువ్వు బండ మీద కూసోని ఉంటివి." అంతే, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అవ్వ మాత్రం ఏటా పీర్ల పండక్కి ముందు సికిందరాబాద్ వచ్చేది. టేషన్లో కొడుకు ఏ రైల్లోనైనా దిగుతాడేమో చూసి పోతానని ఊళ్ళో చెప్పి వచ్చేదట. మా ఇంటికి వచ్చి, ఇంత గొర్రె వెన్న అబ్బా ముందు పెట్టి కూర్చునేది. ఊరి సంగతులు చెప్పేది. బావి ఊట బాగుందని, పక్క ఊరివాళ్ళు సుత వచ్చి తోడుకుపోతున్నారని చెప్పేది. తర్వాత ఊరకే అబ్బా మొహంలోకి చూస్తూ ఉండేది. అబ్బా తల ఎత్తేవాడు కాదు. తిండి పెట్టి, కొత్త చీర ఇచ్చి పంపేవాడు. ఆమె పోయాక ఆ పూట ఆయన ముద్ద ముట్టేవాడు కాదు. ఆ ముసలమ్మ ఆశతో టేషన్ వైపు పోతుంటే సందు మలుపుదాకా వెంట నడిచేదాన్ని. చెప్పేసి ఆమెను విడిచిపెట్టొచ్చు కదా అని అబ్బా మీద కోపం కూడా వచ్చేది.

అబ్బా పోయిన కబురు ఎలా తెలిసిందో, నలభయ్యో రోజు ఫాతిహాకు అవ్వ వచ్చింది. నడుం పూర్తిగా వంగిపోయింది. అప్పటికి నేను పిల్లల తల్లిని. అలవాటుగా, "కూసో అవ్వా, టేషన్‌కు పోయొచ్చినవా?" అన్నాను.

"ఇగ టేషన్‌తోని ఏం పని బిడ్డా," అంది. "కడియం ఏడ వెట్టిండు మీ నాయిన?"

నా చేతిలో ఉన్న పళ్ళెం కింద పెట్టి, తలుపు దగ్గరికి వేశాను. ఆమె మెల్లగా గోడకు చేరబడి కూర్చుంది.

"ఎద్దు బొక్కల మట్టి సుత పొలాలకు తోలుకున్నం. ఒక్క కుప్ప మీదనే సున్నం పోసిండు. సున్నం గింత కింద పడితె ఎత్తుకునే మనిషి, బస్తకు బస్త ఎట్ల పోస్తడు? గప్పుడే సమజైంది నాకు. వానలు పడ్డంక ఎవలు లేంది సూసి తవ్వుకున్న. చెయ్యి ఉన్నది, కడియం లేదు. మల్ల కప్పెట్టి వచ్చిన."

"తెలిసి మరి తాగమని ఎట్లన్నవ్ అవ్వా?"

"నేనే అడిగితె ఇంకెవలు అడగరని. తాగకపోతె నీళ్ళు పోతుండె. ఊరు పోతుండె." కాసేపు ఊపిరి తీసుకుంది. "పోరగాండ్లు గొడ్డండ్లు పట్టుకొని నిలవడ్డరు. నేను ఒక్క ఏడ్పు ఏడిస్తె మీ నాయిన గట్టు దిగుతుండెనా? నువ్వు బండ మీద కూసోని తునికి పండు తింటున్నవ్. మూతంత అంటుకున్నది. నా కొడుకైతె ఇగ రాడాయె. ఈ పిల్ల నాయినన్న ఇంటికి పోవాలె అనుకున్న."

"మరి ఏటేటా..." అన్నాను.

"దానికోసమే వచ్చిన బిడ్డా. ఈసారన్న చేతుల పెడ్తడేమో అని. ఆయన చెప్పకముందు నేనెట్ల అడుగుదు? అందరి ముంగట తాగిన మనిషిని అబద్ధమాడినవ్ అన్నట్టయితది."

ట్రంకుపెట్టె తెరిచి చెంబుతో సహా కడియం ఆమె ముందు పెట్టాను. కొంగుతో తుడిచి తుడిచి కుడిచేతికి తొడుక్కుంది. ఎముకలు తేలిన ఆ చేతికి అది మోచేతిదాకా జారింది. అప్పుడు ఏడ్చింది. అన్నేళ్ళ ఏడుపు అంతా, మా వంటింటి గుమ్మంలో, దాదీ లాగే గుండెలు బాదుకుంటూ ఏడ్చింది. నేనూ పక్కన కూలబడి ఏడ్చాను. తర్వాత ఆ చెంబు కడిగి నీళ్ళు పోసిమ్మంది. నా మొహంలోకి చూస్తూ, కళ్ళు తెరుచుకునే, మొత్తం తాగింది. ఆ తర్వాత ఇక ఎప్పుడూ రాలేదు.

వాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చున్న ఆ సాయంత్రాలు ఇప్పటికీ నన్ను వదలవు. అబ్బా ఆమె ఆశను కాపాడుతున్నాననుకున్నాడు. ఆమె అబ్బా మాటను కాపాడింది. ఒక్కరు నోరు విప్పినా ఇద్దరూ కాస్త తేలికపడేవాళ్ళు. విప్పలేదు, ఆయన అలాగే పోయాడు. అందుకు నాకు ఇప్పటికీ వాళ్ళిద్దరి మీదా కోపమే.

సంపు కడిగిన కుర్రాడు ఖాళీ గ్లాసు చేతికిచ్చి, "ఏమైంది అమ్మమ్మా, పానం బాగలేదా?" అన్నాడు. ఏం లేదు బేటా, అన్నాను. ఏమని చెప్పను? ఎక్కడో ఒక మెట్ట ఊళ్ళో, కొడుకును పోగొట్టుకున్న ఒక తల్లి ఆ రోజు ఏడవకుండా ఊరుకుంది కాబట్టి, నేను మా అబ్బా చెయ్యి పట్టుకుని ఇంటికొచ్చాను.